ఆనతలేదు అన్న ఒక్క మాట

జూన్

ఆ రోజు పళ్ళెం నడిమధ్యలో బియ్యపు గింజలు నాకు కనబడలేదు.

నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు ల్యాబులో పనిచేస్తాను. మెకానికల్ డిప్లొమా చదివి క్వాలిటీ పనిలోకి వచ్చాను. శాంపిల్ బియ్యాన్ని నల్ల పళ్ళెంలో పరిచి, పట్టకారుతో నూకను ఒక పక్కకు, రంగు మారిన గింజను మరో పక్కకు తీసి తూకం వేయాలి. ఆ రోజు ఏ గింజ మీద చూపు నిలిపితే ఆ గింజే మాయమవుతోంది. దాని చుట్టూ ఉన్నవన్నీ శుభ్రంగా కనబడుతున్నాయి.

యంత్రం మొరాయిస్తే కారణాలు ఒక వరుసలో పెట్టుకుని, ఒక్కోటి కొట్టేసుకుంటూ పోవడం మాకు నేర్పిన పద్ధతి. ట్యూబులైటు మార్చాను. అద్దాలు సబ్బుతో కడిగాను. పళ్ళెం మార్చాను. చివరికి మిగిలింది నేనే. కుడి కన్ను మూసి ల్యాబు తలుపు వైపు చూస్తే, నిటారుగా ఉండాల్సిన చట్రం నడుమ దగ్గర లోపలికి వంగి కనబడింది. ఎడమ కన్ను మూసి చూద్దామనుకున్నాను. కానీ కుడి కంటిలో నడిమి భాగం కాలేజీ రోజుల నుంచే మసక. నంబరు పెరిగిందేమోలే అని అప్పట్లో వదిలేశాను. చిన్నప్పటి నుంచి నావి సోడాబుడ్డి అద్దాలు. మసకగా ఉండటం నాకు కొత్త సంగతి కాదు.

కళ్ళ దవాఖానలు మిర్యాలగూడలోనూ ఉన్నాయి. నేను సూర్యాపేట ఎంచుకున్నాను. హైదరాబాదు నుంచి కంటి లోపలి పొరను చూసే రెటీనా డాక్టరు వారానికి ఒకరోజు అక్కడికి వస్తారన్నది నేను చెప్పుకున్న కారణం. అక్కడ నన్ను ఎరిగినవాళ్ళు ఉండరన్నది అసలు కారణం.

చుక్కల మందు వేశారు. కంటి లోపలి పొరలను అడ్డంగా కోసినట్టు చూపించే స్కాన్ తీశారు. చేతికి రంగు మందు ఎక్కించి కంటి ఫొటోలు తీశారు. డాక్టరు గారు స్కాన్‌లో ఒక ఉబ్బును వేలితో చూపించి, నాకు అర్థమయ్యే భాషలో చెప్పారు. మైనస్ నంబరు మరీ ఎక్కువగా ఉండటం వల్ల కన్ను సాగి, లోపలి పొర పల్చబడింది. అక్కడ పనికిరాని సన్నని రక్తనాళాలు మొలిచి కారుతున్నాయి. కుడి కంటిలో ఇదే ఎప్పుడో జరిగి మచ్చ కట్టింది, అది తిరిగి రాదు. ఎడమ కంటిలో ఇప్పుడే మొదలైంది.

"పెద్ద వయసులో ఆ పొర నడిమి భాగానికి, అంటే మాక్యులాకు వచ్చే జబ్బులో తడి రకం ఉంటుంది కదా, దాదాపు ఇలాగే ఉంటుంది. మందు కూడా అదే," అన్నారు.

నేను అలవాటు కొద్దీ ఏమేం దారులున్నాయని వరుసగా అడిగాను. ఆయన ఓపికగా చెప్పారు. లేజర్ పెడితే చూపు నడిమధ్యనే కాలుతుంది, వద్దు. వెలుతురుతో పనిచేసే పాత చికిత్స ఒకటుంది, ఇప్పుడు దాని అవసరం చాలా తక్కువ. మాత్రలు నా రకానికి పనికిరావు. అద్దాలు మార్చినా లాభం లేదు. మిగిలింది కంటిలోకి సూది. నెలకొకటి చొప్పున మొదట మూడు, ఆ తర్వాత స్కాన్ చూసి.

"మధ్యలో ఆపితే?"

"మళ్ళీ కారుతుంది. ఈ కన్ను కూడా కుడి కన్నులా అవుతుంది."

ఆ నిమిషం నుంచి నా ముందున్న లెక్క చాలా సులువు. ఎడమ కన్ను నిలవాలి.

జూలై

మొదటి రెండు సూదులకు సైదులు తోడు వచ్చాడు. మా మిల్లు లారీ డ్రైవరు. కంటికి పట్టీ కట్టి పంపుతారు కాబట్టి తోడు మనిషి లేకుండా సూది వేయరు. ఇంట్లో అమ్మకు మాత్రం అద్దాలు మార్పించుకోవడానికి వెళ్తున్నానని చెప్పాను.

వెయిటింగ్ హాలులోకి అడుగు పెట్టగానే సైదులు నా చెవిలో అన్నాడు, "అన్నా, అంత ముసలోళ్ళే ఉన్నరేంది? ఈడ పింఛన్లు గిట్ల ఇస్తున్నరా?"

"నవ్వకు. కూసో."

"నవ్వుతలేను. నువ్వు దరఖాస్తు పెట్టుకుంటె నా పేరు గూడ రాయి."

ఆ హాలులో నా వయసు పేషెంటు మరొకడు లేడు. చుక్కల మందు వేసి కళ్ళు మూసుకోమంటారు. గోడ వెంబడి వరుసగా పెద్దవాళ్ళు తలలు వెనక్కి వాల్చి కూర్చుంటారు. నేను కళ్ళు మూసుకోలేదు. మూసుకుంటే నేను పేషెంటునని తెలిసిపోతుంది. నా పక్కన మోతె నుంచి వచ్చిన ఒక అవ్వ బత్తాయి ఒలుచుకుంటూ అడిగింది, "నాయన్ను తోల్కొచ్చినవా బిడ్డా?"

"ఆ... అవునవ్వా," అన్నాను. మా నాన్న నేను స్కూల్లో ఉన్నప్పుడే పోయారు.

"మంచిగుండు. నా కొడుకుకు తీరక మనుమరాలు వచ్చింది. గా ఫోన్లనే ఉన్నది సూడు."

అప్పుడే సిస్టర్ చుక్కల సీసాతో వచ్చి, నా పేరు పిలిచి, గడ్డం పట్టుకుని తల పైకెత్తింది. చుక్కలు పడ్డాయి. కళ్ళు మూసుకోక తప్పలేదు. అవ్వ ఏమంటుందోనని చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. కాసేపటికి నా చేతిలో చల్లగా ఏదో తగిలింది. బత్తాయిలో సగం.

సూది గురించి భయపడేవాళ్ళ కోసం నాకు అనిపించినంత వరకే చెప్తాను. మత్తు చుక్కలు వేస్తారు. కంటి చుట్టూ గోధుమరంగు మందు పూస్తారు, మంట అదే, సూది కాదు. ముఖం మీద గుడ్డ కప్పి, రెప్పలు పడకుండా ఒక క్లిప్పు పెడతారు. పైకి చూడమంటారు. ఎవరో వేలితో నొక్కినట్టు ఉంటుంది. వెంటనే నీళ్ళలో సిరా చుక్క వేసినట్టు నల్లటి బుడగలు చూపులో తిరుగుతాయి. అంతే. భయమంతా ముందు కూర్చున్న ఆ కాసేపే.

ఆగస్టు

కంటి నడుమ చూపు పోతే మనిషి గుడ్డివాడిలా నడవడు. గుంతలు తప్పించుకుంటాడు, మెట్లు ఎక్కుతాడు, బండ్లకు అడ్డం పోడు. పోయేది ముఖాలు. ఎదురుగా వచ్చే మనిషికి చొక్కా ఉంటుంది, చేతులు ఉంటాయి, జుట్టు ఉంటుంది. నడుమ ముఖం ఉండాల్సిన చోట తడి వేలితో చెరిపినట్టు ఉంటుంది.

దీన్ని కప్పిపుచ్చుకోవడానికి నేను కొన్ని పద్ధతులు తయారు చేసుకున్నాను. నడకను బట్టి గుర్తుపట్టడం. మిల్లులో ఎవరే రంగు చొక్కా వేసుకొచ్చారో పొద్దున్నే దగ్గరకెళ్ళి చూసి గుర్తుంచుకోవడం. అవతలివాళ్ళు మాట్లాడేదాకా ఫోన్ చూస్తున్నట్టు నటించడం. అనుమానం వస్తే చిన్నగా నవ్వి తలూపడం. చూపు సరిగా కనబడకపోతే మా దగ్గర "కండ్లు ఆనతలేవు" అంటారు. అది తాతలు అనే మాట, అవ్వలు అనే మాట. ఇరవై ఆరేళ్ళ వాడు అనే మాట కాదని నా నోరు ఎవరూ చెప్పకుండానే నిర్ణయించుకుంది. మిల్లు సేటుకు తెలిస్తే ఉద్యోగం పోతుందని, అమ్మ చూస్తున్న సంబంధాలు చెడిపోతాయని నాకు నేను కారణాలు చెప్పుకున్నాను. రెండూ నిజమే. కానీ సేటూ లేక, సంబంధాలూ లేకపోయినా నేను చెప్పేవాణ్ణి కాదు.

శ్రావణంలో కోదాడలో మా చిన్నాయన గృహప్రవేశం వచ్చింది. చిన్నాయన పేరు యాదగిరి, మా నాన్న తమ్ముడు, హిందీ పంతులుగా రిటైరయ్యారు. నాన్న పోయాక మా ఇంటికి పెద్ద ఆయనే. నా డిప్లొమా సీటు కోసం ఎండలో లైనులో నిలబడింది ఆయన. ఆయన భార్య విజయ జగ్గయ్యపేట వైపు మనిషి, అందుకే మేము చిన్నమ్మ అనకుండా పిన్ని అంటాం.

అమ్మ ముందు రోజే వెళ్ళింది. నేను మిల్లు నుంచి నేరుగా మధ్యాహ్నం భోజనాల వేళకు చేరాను. బయట మండే ఎండ, లోపల షామియానా నీడ. స్పీకర్లో భక్తి పాటలు చెవులు పగిలేలా పెట్టారు. గేటు దగ్గర తెల్లచొక్కా మనిషి ఒకరు నిలబడి ఉన్నారు. వడ్డించేవాళ్ళంతా తెల్లచొక్కాలే. నేను ఆయన దగ్గరకెళ్ళి గట్టిగా అరిచినట్టు అడిగాను, "అన్నా, చేతులు కడుక్కునేది ఎక్కడ?"

ఆయన ఏమీ అనకుండా ఎడమ వైపు చేయి చూపించారు. నేను వెళ్ళి కడుక్కుని, ముఖాలు తెలియని ఆ జనంలో ఎవరినీ పలకరించకుండా తిని, అమ్మతో పాటు బస్సెక్కాను.

రెండు రోజుల తర్వాత పిన్ని ఫోన్ చేసింది. అమ్మ స్పీకర్ పెట్టింది.

"అక్కా, మీవాడికి ఇంజనీరు కొమ్ములు మొలిచాయా ఏంటి? గుమ్మంలో నిలబడ్డ సొంత బాబాయిని వంటవాణ్ణి అడిగినట్టు చేతులు కడుక్కునేది ఎక్కడని అడుగుతాడా? దండం లేదు, పలకరింపు లేదు. నేను కళ్ళారా చూశాను. ఆయనేమో నోరెత్తడు. పోనీలే, పిల్లవాడు అంటాడు. పిల్లవాడా?"

అమ్మ ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగింది. "నిజమేనా?"

"సూడలేదమ్మా."

"ఎదురుంగ నిలవడ్డ మనిషిని సూడలేవార? ఆయన లేకుంటె నువ్వు యాడుందువు?"

చెప్పడానికి నాలుగు ముక్కలు చాలు. అమ్మ ముఖం నాకు సరిగా కనబడకపోయినా గొంతు పూడుకుపోవడం వినబడింది. అయినా చెప్పలేదు. "పరధ్యానంల ఉన్న" అన్నాను. అమ్మ మర్నాడు పిన్నికి ఫోన్ చేసి, నా పిల్లగాన్ని గన్ని మాటలంటవా అని మొదలుపెట్టింది. ఆమె అంతకంటే ఎక్కువ అంది. ఆ తర్వాత రెండు ఇళ్ళ మధ్య ఫోన్లు ఆగిపోయాయి. రాఖీ పండక్కి పిన్ని కూతురు నాకు రాఖీ పంపలేదు. పొగరుబోతు అనిపించుకోవడం నాకు బాధగానే ఉంది. కళ్ళు ఆనని వాడు అనిపించుకోవడం కంటే మాత్రం అదే తేలిక అనిపించింది. ఈ వాక్యం రాస్తుంటే ఇప్పుడు కూడా చెవులు కాలుతున్నాయి.

ఆగస్టు చివర

మూడో సూది రోజు సైదులు కాకినాడ పోర్టుకు లోడు తీసుకుని పోయాడు. ఇంకొకరిని అడగాలంటే ఇంకొకరికి చెప్పాలి. ఒక్కణ్ణే బయల్దేరాను. తోడు ఎవరంటే, మా వాడు కింద బండి పెడుతున్నాడని అందామనుకున్నాను.

హాలు నిండుగా ఉంది. నల్లద్దాలు, మాస్కు పెట్టుకుని మూలన కూర్చున్నాను. నాకు ఒక కుర్చీ అవతల మరొకాయన కూడా నల్లద్దాలు పెట్టుకుని, కర్చీఫు ముఖం మీద వేసుకుని కూర్చున్నారు. ఇద్దరం చాలాసేపు అలాగే ఉన్నాం. పక్కవాళ్ళు ఎన్నో సూది, ఏ ఊరు అని మాట్లాడుకుంటున్నారు. మేమిద్దరం మాత్రం ఎవరూ పలకరించకూడదన్నట్టు బిగుసుకుని కూర్చున్నాం. నాలాంటివాడే అనుకున్నాను.

సిస్టర్ తలుపు దగ్గర నిలబడి పిలిచింది. "యాదగిరి గారూ! కోదాడ!"

మా ఇంటిపేరు కూడా చదివింది.

కర్చీఫు తీసి ఆయన లేచి, "ఇక్కడున్నమ్మా," అన్నారు.

ఆ గొంతు నాకు తెలుసు. హిందీ అక్షరాలు నేర్పిన గొంతు.

"మీతోని ఎవరొచ్చిన్రు?"

"మా అబ్బాయి వచ్చిండు. కింద బండి పెడుతున్నడు."

చిన్నాయనకు కొడుకులు లేరు. ఒక్కతే కూతురు.

నేను చెప్పాలనుకున్న అబద్ధాన్ని దాదాపు మాటకు మాట ఆయన నోటి వెంట విన్నాను. దాన్ని బయటి నుంచి వింటే ఎంత దిక్కులేకుండా ఉంటుందో అప్పుడు తెలిసింది. "ఏడీ, పిలవండి" అంటోంది సిస్టర్. ఆయన మెట్ల వైపు తల తిప్పి, లేని కొడుకు కోసం చూస్తున్నట్టు నిలబడ్డారు. నాకు తెలియకుండానే లేచాను.

"నేనే సిస్టర్. వాళ్ళబ్బాయిని."

చిన్నాయన నా వైపు తిరిగారు. ముఖం వైపు కాదు, గొంతు వైపు. "నవీనా? నువ్వేనారా?"

"నేనే చిన్నాయనా."

సిస్టర్ చేతిలో కాగితాలు తిప్పింది. "ఆగు, నువ్వు గూడ పేషెంటువే గదా? నీది ఎడమ కన్ను, ఈయినది కుడి కన్ను. ఇద్దరికి పట్టీలు గట్టినంక ఎవర్ని ఎవరు పట్టుకపోతరు? బస్టాండ్ల తప్పిపోతె నన్ను తిడ్తరు. ఇంటికి ఫోన్ చెయ్యుర్రి. కండ్లున్న మనిషి రాకుంటె సూది లేదు. సార్ మళ్ళ వచ్చేది వచ్చే వారమే."

హాలులో ఎవరో నవ్వారు. మేమిద్దరం పక్కపక్క కుర్చీల్లో కూలబడ్డాం.

"ఎప్పటి సంది?" అన్నారు చిన్నాయన.

"జూన్ సంది. నీకు?"

"సంకురాత్రి ఎనక. ఒక కన్ను ఎండు రకమట. దానికి సూదులు లేవు, మాత్రలు, ఆకుకూరలు, బీడీ మానుడు అన్నరు. మానిన. ఇంకోటి తడిదయింది. వయసుతోని వస్తదట. నీకెందుకు వచ్చిందిరా?"

"నంబరు ఎక్కువుంటే గూడ వస్తదట."

ఆయన చేతిలోని కర్చీఫును మడతపెట్టారు. తర్వాత అన్నారు, "గృహప్రవేశం నాడు నన్ను నీళ్ళెక్కడని అడిగిన పిల్లగాడు నువ్వని నాకు ఆనలేదు. మైకు మోతల గొంతు గూడ దొరకలేదు. ఎవరో పిల్లగాడనుకున్న. మీ పిన్ని వచ్చి, నవీన్ గాడు నిన్నట్లడిగిండు, నువ్వు ఊకున్నవ్ అని లొల్లి వెట్టింది. నేను గూడ వాన్ని గుర్తుపట్టలేదంటె నా కండ్ల సంగతి చెప్పాలె. అందుకని నిన్ను తిట్టనిచ్చిన."

"నేను గూడ తిట్టించుకున్న, చిన్నాయనా."

ఎవరికి ఫోన్ చేయాలన్నది ఇద్దరికీ తెలుసు. కోదాడ బస్సులు అరగంటకొకటి ఉంటాయి. ఆయన ఫోన్ తీసి, పిన్ని నంబరు ఉన్న చోటు వేలితో తడిమి నొక్కారు. అటు రింగవుతుండగానే నా చేతిలో పెట్టేశారు. "నాతోని కాదు బిడ్డా. నువ్వు చెప్పు."

"ఎక్కడున్నారు? స్నేహితుడి ఇంటికని చెప్పి ఇంతసేపా?" అంది పిన్ని.

"పిన్నీ, నేను నవీన్‌ని."

"ఆయన ఫోన్ నీ దగ్గరెందుకుంది? ఆయనకేమైంది?" గొంతు మారిపోయింది.

"ఏం కాలేదు. మేము సూర్యాపేటల కండ్ల దవాఖానల ఉన్నం. పిన్నీ..." ఎదురుగా గోడ మీద గడియారం ఉంది, దాని నడుమ ముళ్ళు నాకు కనబడటం లేదు. "నాకు కండ్లు ఆనతలేవు పిన్నీ. మొఖాలు ఆనతలేవు. ఆనాడు చిన్నాయనను గుర్తుపట్టలేదు. ఆయనకు గూడ ఆనతలేదు. చెప్పనీకి సిగ్గయి ఇద్దరం దాసినం. తోడు మనిషి లేకుంటె సూది ఎయ్యమంటున్నరు."

పిన్ని అంది, "ఇద్దరూ ఆ కుర్చీల్లోంచి లేచారంటే కాళ్ళు విరగ్గొడతాను." ఫోన్ పెట్టేసింది.

ఆమె బస్సెక్కి వచ్చేలోపు ఇది చదివేవాళ్ళకు చెప్పాల్సింది చెప్తాను. రోజుకోసారి ఒక కన్ను మూసి, మరో కంటితో తలుపు చట్రాన్నో, కిటికీ ఊచలనో చూడండి. రెండు కళ్ళూ తెరిచి చూస్తే మంచి కన్ను చెడ్డదాన్ని కప్పేస్తుంది. నా కుడి కన్ను అలాగే పోయింది. నిటారు గీత వంగితే, చదివే అక్షరం నడుమ మాయమైతే, అద్దాల షాపుకు పోకండి, రెటీనా చూసే డాక్టరు దగ్గరకు పోండి, ఆ వారమే పోండి. పెద్దవాళ్ళు "పొర వచ్చింది, ముదిరినాక తీయించుకుంటం" అంటే నమ్మి ఊరుకోకండి. శుక్లం ఆగుతుంది, ఇది ఆగదు. అన్ని కళ్ళకూ సూదులు ఉండవు. ఉన్న కళ్ళకు మధ్యలో ఆపకూడదు.

చుక్కల మందుతో చూపు మరింత మసకబారింది. హాలులో జనం పల్చబడ్డారు. ఎప్పుడో ఒక పచ్చ చీర మా ముందు వచ్చి ఆగింది. కదల్లేదు. మాట్లాడలేదు. సిస్టర్ చీర కట్టదు. మందుల షాపు అమ్మాయి ఇంత ఎత్తు ఉండదు. నా పద్ధతులన్నీ ఒకసారి తిప్పి చూశాను. నడక చూద్దామంటే ఆమె నిలబడి ఉంది. నవ్వి తలూపి ఊరుకుందామనిపించింది. పక్కన చిన్నాయన కూడా ఆ చీర వైపే తలెత్తి, చిన్నగా నవ్వి, ఎవరికో తెలియకుండానే దండం పెట్టారు. నలభై ఏళ్ళు కాపురం చేసిన భార్యకు.

నేను అడిగాను. "ఎవరండీ?"

పచ్చ చీర కిందికి వంగింది. ఒక చేయి నా తల మీద, ఒక చేయి ఆయన భుజం మీద పడ్డాయి. "నేనేరా. మీ పిన్నిని," అంది. ఆ తర్వాత ఆమె ఏడ్చిందో తిట్టిందో విడదీసి చెప్పలేను, రెండూ ఒకేసారి జరిగాయి. "నన్ను కూడా... నన్ను కూడా గుర్తుపట్టలేదు కదండీ," అని ఆయనను అంది. ఆయన ఆమె చీర కొంగు పట్టుకున్నారు. ఆ రోజు ఇద్దరికీ సూదులు పడ్డాయి. బస్టాండులో ఒక్కో చేత్తో ఒక్కొక్కరిని పట్టుకుని, జనం చూస్తుంటే, ఆమె మమ్మల్ని నడిపించింది.

ఇప్పుడు

ఎడమ కన్ను నిలిచింది. కారడం ఆగింది. చట్రం ఇంకా కొంచెం వంగే కనబడుతుంది, దగ్గర పెట్టుకుంటే అక్షరాలు చదువుతాను. కొన్ని నెలలకొకసారి స్కాన్, అవసరమైతే సూది. సేటుకు నేనే చెప్పాను. పళ్ళెం పని ఇంకొకరికి ఇచ్చి నన్ను యంత్రాల వైపు పెట్టాడు. అమ్మ ఒక నెల నాతో సరిగా మాట్లాడలేదు. రోగం దాచినందుకు కాదు, తనతో పిన్నిని తిట్టించినందుకు. చిన్నాయన తడి కన్ను కూడా కొంత తేరుకుంది. సూది రోజు ఒకటే పెట్టుకుంటున్నాం.

సిగ్గు పోయిందని చెప్పను. చెప్తే ఇదంతా అబద్ధమవుతుంది. రోడ్డు మీద ఎవరైనా ఎదురొచ్చి ఆగితే "ఎవరండీ, నాకు ఆనతలేదు" అని అడుగుతున్నాను. అడిగే ముందు ఒక్క క్షణం నవ్వి తలూపి ఊరుకుందామా అనిపిస్తుంది. ఆ క్షణంలో కొందరు వెళ్ళిపోతారు. ఆగినవాళ్ళు పేరు చెప్తారు.